తేమ శాతం

ఎనుమాముల యార్డుల
పత్తి బోరాలకు సూది గుచ్చి
తేమ చూసే కొలువు నాది.
ఎనిమిది వస్తే తలూపుత.
పన్నెండు దాటితే రైతు మొఖం చూడకుంట రాస్త.
యంత్రం అబద్ధం చెప్పదంటరు.
నేను మూడుసార్లు గుచ్చుత.
మూడుసార్లకు మూడు అంకెలు.

ఓదెలూ, నిన్ను గూడ గట్లనే గుచ్చిన.
నిన్ను గాదు,
నిన్ను తలుసుకునే నన్ను.

శానా చిన్న సంగతి.
పరకాల బస్సుల, ముందు సీట్ల పిల్ల
జడ ఎత్తి మెడ మీది చెమట తుడుసుకున్నది.
చూసిన.
ఎవరైనా చూస్తరు.
లోపట ఎవరో కలం పట్టుకొని కూసున్నరు:
ఎందుకు చూసినవ్?
ఎంతసేపు చూసినవ్?
ఓదెలును ఎన్నడన్న గట్ల చూసినవా?
ఆత్మకూరుల సగం బస్సు దిగింది,
ప్రశ్న దిగలే.

గా రాత్రి సంది అన్నీ పరీక్షలే.
నువ్వు ఫోన్ల నవ్వితే
నా కడుపుల ఏమన్న కదిలిందా అని చెవి వెట్టి విన్న.
కాజీపేట బ్రిడ్జి మీద చెయ్యి పట్టుకుంటే
అరచెయ్యి వేడెక్కిందా లేదా,
ఎక్కితే అది నీ వేడా, ఎండ వేడా.
ముద్దు పెట్టుకున్నప్పుడు గూడ
కండ్లు మూసుకున్నది ఒకతి,
లెక్క రాసుకున్నది ఇంకొకతి.
సినిమా పోస్టర్ల హీరో దగ్గర కన్ను ఆగిందా,
హీరోయిన్ దగ్గర ఆగిందా,
తేల్చుకుందామని చౌరస్తా దాటినదాన్ని
మల్ల వెనక్కి నడిచిన.

నీ గుణాలను గూడ ఇడిసిపెట్టలే.
చాయి సాసర్ల పోసుకొని జుర్రుమంటవు.
మా అన్న ముందట అవసరం లేకున్నా నవ్వుతవు.
కోపమొస్తే మాట్లాడవు, గోర్లు కొరుకుతవు.
గీ మనిషితోని నలబై ఏండ్లా? అని
తెల్లారగట్ల మూడింటికి లేచి కూసొని
నలబై ఏండ్ల జుర్రును ఒక్క రాత్రిల విన్న.

కాశిబుగ్గల జాకెట్లు కుట్టే స్వరూపక్క,
పదకొండేండ్ల సంది జమీలక్కతోని
ఒక్క పొయ్యి మీద వండుకుంటున్నది.
ఎవరేమన్నా కత్తెర ఆపదు.
పోయి అడిగిన: "నీకు ఎట్ల తెలిసిందక్కా?"
బాబిన్‌కు దారం చుట్టుకుంట అన్నది:
"ఆకలైతే ఎట్ల తెలుస్తది పిల్లా?
లోకం ఏమంటదో అని వణికిన.
ఆకలి నాదేనా అని వణకలే."
మజ్జిగ గిలాస చేతిల పెట్టి
నా నుదురు ముట్టుకొని చూసింది జమీలక్క.
"నువ్వు మాలెక్క అయినా మంచిదే, గాకున్నా మంచిదే.
గని స్వరూపా, గీ పిల్ల మొఖంల ఉన్నది ఇష్టం గాదు,
జ్వరం."

ఎంజీఎంల డాక్టరమ్మ దానికి పేరు వెట్టింది.
పేరు వినంగనే పానం సల్లవడ్డది,
ఇంటికొచ్చేదాంక.
గడప దాటంగనే మల్ల:
అది జబ్బేనా?
నిజం దాచుకునేటందుకు జబ్బును అడ్డం వెట్టుకున్నవా?
ఆమె ముందే చెప్పింది, గిట్లనే అడుగుతదని.
"జవాబియ్యకు. జవాబు దానికి కుడితి."

నిన్న, బస్టాండు హోటల్ల,
ఎన్నోసారో ఇద్దరం లెక్క మర్సిపోయినం,
"నేను నిన్ను నిజంగ ప్రేమిస్తున్ననా ఓదెలూ?" అంటే
చాయి సాసర్ల పోసుకున్నవు.
"నాకు తెల్వదు" అన్నవు.
జుర్రుమన్నవు.
గంత కోపం నాకెన్నడు రాలే.
లేచి ఎల్లిపోదామనుకున్న.
నువ్వు ఆపలే, బతిమిలాడలే.
సగం సాసర్ నా దిక్కు జరిపినవు.
అది సల్లారేదాంక చూసి
తాగిన.

ఇయ్యాల నర్సంపేట దిక్కు ముసలాయన బోరెం విప్పిండు.
మోచేతి దాంక చెయ్యి పెట్టిన.
లోపట వెచ్చగ, జరంత పచ్చిగ.
ఒక్కసారే గుచ్చిన,
వచ్చిన అంకె రాసిన.
ఇంకోసారి, ఇంకొక్కసారి అని గుంజుతున్న చెయ్యిని
కొంగుల చుట్టుకొని నిలవడ్డ.

పొద్దుగూకినంక బస్సుకొస్త.
ముందు సీట్ల ఎవరన్న కూసోని, జడ ఎత్తుకోని.
ప్రశ్న గూడ ఎక్కుతది, తెలుసు.
దానికి టికెట్
నేను తియ్య.